మూడు గుక్కల తడి

నీటిని కొలిచి దించేవాడు, దించిన నీటిని నేలలో నిలిపేవాడు, ఒకే మట్టిలోంచి ఒక మొక్కకు తీపినీ పక్క మొక్కకు కారాన్నీ తోడిచ్చేవాడు అయిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రం. తన దాసుల్లో కొందరికి ఆయన జ్ఞానాన్ని గ్రంథాల ద్వారా ఇస్తాడు. కొందరికి చూపుడువేలి కొసలో పెడతాడు. ఆ రెండో రకం మనిషిని ఒకరిని నా కళ్ళకు చూపించినందుకు ఆయనకు నేలకు నుదురానించి ఎన్ని సజ్దాలు చేసినా తీరదు.

మొన్న విజయవాడ కూరగాయల మార్కెట్ బయట ఒక బండి మీద పగిలిన క్యారెట్లు కుప్పగా పోసి అమ్ముతున్నారు. తల నుంచి తోక దాకా నిలువునా విచ్చుకుపోయి లోపలి పసుపుపచ్చ భాగం కనిపిస్తోంది. బండివాడు "జ్యూస్‌కి బాగుంటాయి సార్, తీసుకోండి" అంటున్నాడు. నేను కదల్లేకపోయాను. ఆ పగులు నాకు బాగా తెలుసు. ఒకసారి సగం చేనంతా నా చేత్తోనే అట్లా పగలగొట్టాను. ఆ చేను చేసిన మనిషి ఇప్పుడు లేరు. పోయి రెండు నెలలు దాటింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. శుక్రవారం నమాజు తర్వాత మసీదులో చందా ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివేటప్పుడు ఆయన తన పేరు బదులు "ఒక దాసుడు" అని చదవమనేవారు. ఊరందరికీ ఆ దాసుడెవరో తెలుసు. అయినా ప్రతిసారీ అదే చదివించేవారు. బతికుండగా దాచుకున్న పేరును పోయాక నేను బయటపెట్టడం బాగుండదు.

మా ఊరు కృష్ణా కరకట్టకు ఆనుకుని ఉంటుంది. మసీదు కట్టకు ఇటువైపు, ఆయన కౌలుకు చేసే చేను అటువైపు, నది దిగువన ఇసుక కలిసిన లంక నేల. నేను పొద్దునా సాయంత్రం మసీదులో పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతాను. పగలు పట్నంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఆయన మనవరాళ్ళిద్దరూ నా దగ్గరే చదువుకున్నారు. అందుకని ఆయన నన్ను "మౌల్సాబూ" అనేవారు. మసీదులో అయితే "మీరు" అనేవారు. కట్ట దిగి చేలో అడుగుపెట్టానంటే "నువ్వు". వయసులో నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్ద. ఇదేమిటని ఒకసారి అడిగితే, "అక్కడ నీకు తెలుసు, ఇక్కడ నాకు తెలుసు" అన్నారు. మా ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. చేను గురించి మాత్రం ఆయన నోట తెలుగే వచ్చేది. పదును, తడి, మడవ అనే మాటలకు తనకు ఉర్దూ రాదనేవారు.

ఆయన్ను నేను మొదట గమనించింది మసీదు కుళాయిల దగ్గర. నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవడాన్ని వుజూ అంటాం. మేమందరం కుళాయి తిప్పి వదిలేసి వుజూ చేస్తాం. ఆయన ఒక చిన్న చెంబుడు నీళ్ళు పట్టుకుని పక్కకు వెళ్ళి కూర్చునేవారు. ఆ చెంబుతోనే అంతా అయ్యేది, చివర ఇంకా అంగుళం నీళ్ళు మిగిలేవి. ఆ అంగుళం నీళ్ళూ గోడ పక్క మందార మొదట్లో పోసి లోపలికి వచ్చేవారు. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయకూడదన్న బోధను నేను పిల్లలకు ఎన్నిసార్లు వల్లె వేయించానో. నా కుళాయి మాత్రం ధారగా పోతూనే ఉండేది. ఒకరోజు ఆయన వచ్చి మాట్లాడకుండా నా కుళాయి సగానికి తిప్పి వెళ్ళిపోయారు.

చేలో ఆయన కొలబద్ద చూపుడువేలు. రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి, తీసి, వేలికి అంటిన మట్టిని బొటనవేలితో రాసి చూసుకునేవారు. రాలిపోతే తడి కావాలి. ముద్దయితే వద్దు. సన్నగా అంటుకుని నెమ్మదిగా రాలితే అదే పదును. గింజ వేసిన మొదటి పక్షం ఆయన చేను విడిచి వెళ్ళేవారే కాదు. క్యారెట్ గింజ మొలవడానికి రోజులు పడుతుంది, ఆ లోపు పైమట్టి ఎండి పెచ్చు కట్టిందా మొలక ఆ పెచ్చును చీల్చుకుని రాలేదు. అందుకని తడి గోనెపట్టాలు కప్పి, పొద్దునా సాయంత్రం వాటి మీద చేత్తో నీళ్ళు చిలకరించేవారు. మొలకలు వేరూనాక మాత్రం చేయి బిగబట్టేవారు.

"ఇప్పుడు దాహం తెలియాలి దానికి" అనేవారు. "పైనే నీళ్ళు దొరుకుతుంటే కిందికెందుకు పోద్ది? వెతుక్కుంటా పోతేనే పొడుగొచ్చుద్ది. ఎప్పుడూ తడి తడిగా ఉంచావనుకో, పొట్టిగా పాలిపోయి ఒళ్ళంతా పీచులేసుకుని కూర్చుంటది. అసలియ్యకపోతే కొయ్యబారి చేదెక్కుద్ది."

"మరెంత ఇవ్వాలి చాచా?"

"అడుగు దాన్నే" అని నా చేయి పట్టుకుని వేలు మట్టిలోకి గుచ్చేవారు.

ఆకాశం నుంచి నీరు కొలత ప్రకారం దిగుతుందన్న ఖురాన్ వాక్యాన్ని పదేళ్ళ వయసులోనే కంఠస్థం చేశాను. దాని వ్యాఖ్యానాలు కూడా చదివాను. ఆ కొలత అన్నది ఒకటి ఉంటుందని నాకు తెలిసింది ఆ చేలోనే.

ఆ చేను యజమాని గన్నవరంలో ఉండే రిటైర్డు మేష్టారు. మంచివాడు, కాకపోతే ఖచ్చితం మనిషి. కౌలుకు తీసుకున్న మొదటి ఏడాది క్యారెట్లు పగిలాయి. రెండో ఏడు భయంతో నీళ్ళు తగ్గించేసరికి సన్నగా కొయ్యబారి పోయాయి. పగిలిన దుంపను హోటలు వాడు కొనడు, కొయ్యబారిన దుంపను ఇల్లాలు కొనదు. బస్తా మార్కెట్‌కి చేర్చిన ఆటో కిరాయి కూడా రాలేదు. మూడో ఏడు గింజ వేసే ముందు మేష్టారు గట్టు మీద నిలబడి చెప్పేశారు.

"సాయిబు గారూ, ఈ పంటతో తేల్చుకుందామండీ. మార్కెట్లో నిలబడే సరుకొచ్చిందా, చేను మీకే. లేదంటే వచ్చే ఏడు మొక్కజొన్న వాళ్ళకి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకండి."

"అనుకునేదేముందండీ మేష్టారూ" అన్నారాయన. కానీ ఆ సాయంత్రం నమాజులో ఆయన సజ్దా నుంచి చాలాసేపు లేవలేదు. డెబ్భై ఏళ్ళ మనిషికి ఇంకో చేను ఎవరిస్తారు?

ఆ ఏడు గింజ ఆలస్యంగా పడింది. దుంప ఊరే సమయానికి రంజాన్ వచ్చింది. రంజాన్ చివరి పది రోజులు మసీదు గడప దాటకుండా ఒక మూల తెర కట్టుకుని ప్రార్థనలో గడపడాన్ని ఏతెకాఫ్ అంటాం. ఊళ్ళో ఒక్కరైనా కూర్చుంటే ఊరందరి బాధ్యత తీరుతుంది. మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా కూర్చునేది ఆయనే. ఈసారి మానుకుంటారనుకున్నాం. ఇరవయ్యో ఉపవాసం నాటి సాయంత్రం చాప, దుప్పటి, చెంబు పట్టుకుని వచ్చేశారు. రావడానికి ముందు నన్ను చేలోకి తీసుకెళ్ళారు.

"ఎనిమిది రోజుల్నించి నీళ్ళు ఆపా. రంగు, తీపి ఇప్పుడే ఎక్కుతున్నై. ఎల్లుండి పొద్దున కరెంటు రాగానే మోటారెయ్యి. కాలవలో సగమే పారాలి. చేనంతా ఒకసారి అట్లా తడిపి ఆపెయ్. రెండు రోజులాగి ఇంకొంచెం. వినపడిందా?"

"వినపడింది చాచా. ఇంత చిన్న పని..."

"చిన్న పనే" అన్నారాయన, నా వైపు అదోలా చూసి.

ఎల్లుండి వచ్చింది. పది గంటలకే ఎండ మండిపోతోంది. నాకు గొంతు పిడచకట్టుకుపోయింది. క్యారెట్ ఆకులు తలలు వేలాడేసి ఉన్నాయి. వాటిని చూస్తే నా మీద నాకు జాలేసినట్టే వాటి మీదా వేసింది. మోటారు వేశాను. కాలవలో నీళ్ళు సగం దాకా వచ్చాయి. మట్టి అడ్డం వేసి మడవ కట్టేసి పక్క వరసలోకి తిప్పాలి. పార చేతిలోనే ఉంది.

డెల్టాలో పుట్టినవాడికి పారే నీటికి మడవ కట్టాలంటే చెయ్యి రాదు. మా తాతల నుంచి వరి చేలే. నీళ్ళు నిండుగా నిలబడితే చేను చల్లగా ఉన్నట్టు లెక్క. దానికి తోడు, దాహంతో ఉన్నదానికి నీరివ్వడం కంటే గొప్ప దానం లేదని మొన్ననే పిల్లలకు చెప్పి ఉన్నాను. ఇంతకంటే పుణ్యం ఏముందనుకున్నాను. కాలవలు నిండాయి, మట్టి వరసల పైదాకా తడి ఎక్కి నల్లగా మెరిసింది. ఒక్కొక్క వరసా అట్లాగే నింపుకుంటూ పోయాను. "బిస్మిల్లా" అని మరీ నింపాను.

సగం చేను అయ్యేసరికి కరెంటు పోయింది. కరెంటు వాళ్ళను ఉపవాసం కూడా మరిచి తిట్టుకున్నాను. ఆరోజు మళ్ళీ రాలేదు. మర్నాడు ప్రెస్సులో పని పడి వెళ్ళలేకపోయాను. మూడో రోజు పొద్దున వెళ్ళి, ఆకులు నిటారుగా పచ్చగా లేచి ఉంటే మురిసిపోయి, చూద్దామని ఒక దుంప పీకాను.

నిలువునా పగిలి ఉంది. ఇంకోటి పీకాను. అదీ అంతే. పది పీకితే ఏడు పగిలినవే.

జుబ్బా జేబులో ఒక దుంప పెట్టుకుని ఆ సాయంత్రం మసీదుకు వెళ్ళాను. ఉపవాసం విప్పడానికి ఇంకా కొంచెం టైము ఉంది. మూలన పాత మంగళగిరి చీర తెరగా కట్టి ఉంది, ఆయన భార్య, మా చాచీది. తెర పక్కకు తీసి ఆయన ముందు దుంప పెట్టాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని పగులులో గోరు పెట్టి చివరిదాకా లాగారు.

"ఎంతసేపు వదిలావు?"

మసీదులో ఆయన నన్ను "నువ్వు" అనడం అదే మొదటిసారి.

"కరెంటు పోయేదాకా."

"ఎంత తడిసింది?"

"సగం."

"మిగతా సగం తాకలేదుగా?"

"లేదు చాచా."

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. వినపడ్డ మాట "అల్‌హమ్దులిల్లాహ్" ఒక్కటే. నేను తిట్టిన ఆ కరెంటు కోతకే ఆయన కృతజ్ఞత చెప్పుకుంటున్నారని అర్థమయ్యేసరికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"చాచా, లేచి రండి. అవసరమైతే ఏతెకాఫ్ విరమించవచ్చు, తర్వాత తీర్చుకోవచ్చు. నేను చెబుతున్నాను కదా. మిగతా సగమైనా మీ చేతుల్తో..."

"ఆ మసలా, ఆ నియమం, నాకు తెలుసు మౌల్సాబూ. నేను రాను."

"మేష్టారు చేను తీసేసుకుంటారు."

"చేను ఆయనది. ఈ పది రోజులు అల్లాహ్‌వి. ఇచ్చేసిన దాన్ని వెనక్కి తీసుకోనా?"

అంతలో అజాన్ వినపడింది. ఎవరో మా ముందు ఖర్జూరాలూ నీళ్ళ గ్లాసులూ పెట్టి వెళ్ళారు. నేను ఖర్జూరం నోట్లో వేసుకుని, రోజూ తాగినట్టే గ్లాసు ఎత్తాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"నన్ను చూడు."

ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. గ్లాసు కింద పెట్టారు. ఆగారు. ఆ ఆగడంలో ఆయన గొంతు కండరం కదలడం, ఆ గుక్క లోపలికి దిగడం నాకు కనిపించింది. మళ్ళీ ఒక గుక్క. మళ్ళీ ఆగారు. మూడో గుక్క. గ్లాసులో సగం పైగా అట్లాగే ఉంది.

"నీకు నీళ్ళు లేక ఎంతసేపైంది?"

"తెల్లారుజాము నుంచి."

"గటగటా తాగితే ఏమవుద్ది?"

"కడుపులో పట్టేస్తుంది. నమాజులో వంగలేను."

"ఆ మిగతా సగానికి పన్నెండు రోజులాయె. అది కూడా ఉపవాసంలోనే ఉంది మౌల్సాబూ. చర్మం బిగిసిపోయుంటది. ఒక్కసారి పోశావా, లోపల ఉబ్బుద్ది, పైతోలు సాగలేదు. పగులుద్ది. పో, దానికి రోజా విప్పించు. ఇట్లా."

మళ్ళీ గ్లాసు ఎత్తి, ఒక్క గుక్క తాగి, కింద పెట్టారు.

ముప్ఫై ఏళ్ళుగా ఉపవాసం ఉంటున్నాను. ఎలా విప్పాలో ఎందరికో చెప్పాను. నా నోటికి తెలిసిన ఆ సంగతి నా చేతికి తెలియలేదు. ఆ రోజు మగ్రిబ్ నమాజులో ఆయన వెనక వరసలో నిలబడితే, ముందు నిలబడ్డది డెబ్భై ఏళ్ళ కౌలు రైతని అనిపించలేదు. నా ప్రభువు ఎవరెవరికి ఏ మదర్సా తెరిచి పెట్టాడో అని ఒళ్ళు జలదరించింది.

మిగతా సగానికి మర్నాటి నుంచి నేను నీళ్ళు పెట్టాను. కాలవ అడుగు తడిసేంత. మడవ కట్టాను. ఒక రోజు ఆగాను. కాలవలో పావు వంతు. మడవ కట్టాను. ప్రతి వరస చివరా వేలు గుచ్చి చూశాను. సాయంత్రం మసీదుకు వెళ్ళి వేలికి అంటిన మట్టి చూపిస్తే, ఆయన తెర సందులోంచి చూసి తల ఊపడమో అడ్డంగా తిప్పడమో చేసేవారు. ఒకరోజు తల అడ్డంగా తిప్పి, "కడుక్కోలేదేంటయ్యా, నమాజుకు ఈ చేతులతోనే నిలబడతావా" అని నవ్వారు.

పండగ అయిన మూడో రోజు దుంప తవ్వారు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు పీకి, ఆకు తుంచి, రెండు కుప్పలు పోశారు. ఒకటి పగిలినవి, ఒకటి మంచివి. మంచి కుప్ప జానెడు పొడుగున, నున్నగా, ఎర్రగా మెరుస్తోంది. మేష్టారు స్కూటర్ మీద వచ్చారు. పగిలిన కుప్పలోంచి ఒకటి తీసి తిప్పి చూశారు.

"ఇదేంటి సాయిబు గారూ? మళ్ళీ మొదటికొచ్చిందే!"

నేను పెద్దాయన వెనకే ఉన్నాను. నోరు తెరవాలి. తెరవలేదు. ఆ ఒక్క నిమిషానికి నన్ను క్షమించమని ఈనాటికీ అడుగుతూనే ఉంటాను.

"చేను నా బాధ్యతేనండి" అన్నారు పెద్దాయన. అంతే. మంచి కుప్పలోంచి ఒక దుంప తీసి కండువాతో తుడిచి మేష్టారి చేతికిచ్చారు. మేష్టారు విరిచారు. ఫట్‌మని విరిగింది. కొరికి నమిలారు. ఇంకోసారి కొరికారు.

"ఒకే చేనండీ ఇది? అదీ ఇదీ?"

"ఒకే చేను, ఒకే గింజండి. నీళ్ళు పెట్టిన తీరు వేరు."

అప్పుడు నాకు నోరొచ్చింది. "ఆ పగిలినవి నా పనండీ మేష్టారూ. ఆయన మసీదులో ఉన్నారు. చెప్పినట్టు పెట్టలేదు నేను" అన్నాను. "మరి ఈ మంచివి?" అన్నారు మేష్టారు. "అవీ ఈయన పెట్టినవేనండి" అన్నారు పెద్దాయన, నేను జవాబు చెప్పేలోపే.

మేష్టారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "సరేనండీ. సరుకు నిలబడుద్దని తెలిసింది. చేను చేసుకోండి. కానీ ఒక్క మాట. వచ్చే ఏడు కూడా ఆ పది రోజులు మసీదులో కూర్చుంటారా?"

"కూర్చుంటానండి."

"మరప్పుడు నీళ్ళెవరు పెడతారు?"

పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బొటనవేలితో భుజం మీదుగా నన్ను చూపించారు. "ఈయనే."

"మళ్ళీనా!" అన్నారు మేష్టారు.

"మొదటి ఏడు మొత్తం పగలగొట్టింది నేనేగదండీ. అప్పట్నించే కదా నాకు వేలు పనిచేసింది. ఈయనకి ఇప్పుడు మొదలైంది."

మరుసటి రంజాన్‌లో నేనే పెట్టాను. పగిలిన కుప్ప ఒక్క గంపకు మించలేదు. ఆ గంపతో ఆయన మనవరాళ్ళ కోసం హల్వా చేసింది చాచీ.

ఈసారి వానలు వెనకబట్టాక, ఒక శుక్రవారం తెల్లవారుజామున, చెంబుతో వుజూ చేసుకుంటూ ఆయన పక్కకు ఒరిగారు. మేం వెళ్ళేసరికి చెంబు నిలబడే ఉంది. అందులో అంగుళం నీళ్ళున్నాయి. ఏం చేయాలో తెలియక, తీసుకెళ్ళి మందార మొదట్లో పోశాను.

ఖననం అయ్యాక సమాధి మట్టి మీద నీళ్ళు చిలకరించడం మా ఆచారం. ఎవరో బకెట్ ఎత్తి ఒక్కసారే కుమ్మరించబోతే చేయి పట్టుకుని ఆపాను. మగ్గు తీసుకుని తల వైపు నుంచి కాళ్ళ దాకా పలచగా చల్లాను. ఆగాను. అది ఇంకేదాకా నిలబడి మళ్ళీ చల్లాను.

"మౌల్సాబూ, ఇదేమన్నా క్యారెట్ మడా? ఎండెక్కుతోంది" అన్నాడు గోతి తవ్వినతను.

మూడోసారి చల్లి, కూర్చుని, ఆ మట్టిలో చూపుడువేలు గుచ్చాను. రెండో కణుపు దాకా చల్లగా ఉంది. తీసి రాసి చూసుకుంటే సన్నగా అంటుకుని నెమ్మదిగా రాలింది.

ఇప్పుడు ఆ చేను చాచీ చేస్తోంది. మేష్టారు మాట మార్చలేదు. గింజ మొలిచింది, గోనెపట్టాలు తీసేశారు. రంజాన్ నాటికి దుంప ఊరుతుంది. ఏతెకాఫ్‌కు ఈసారి ఎవరు కూర్చుంటారో ఊళ్ళో ఇంకా తేలలేదు. నీళ్ళు పెట్టేది మాత్రం నేనే.

ఇది చదివినవారు ఏ మతంవారైనా, ఏ పేరుతో ఆ ప్రభువును పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి చేతులెత్తండి. ప్రభూ, నీ దాసుడొకడు నువ్వు దించిన నీటిలో ఒక్క చుక్క కూడా కొలత తప్పించకుండా బతికి నీ దగ్గరికి వచ్చాడు. ఆయన సమాధిని చల్లగా ఉంచు. మా చేతులకు మడవ కట్టే నిగ్రహం ఇవ్వు. పగలగొట్టిన వాళ్ళకే మళ్ళీ అప్పగించిన ఆ మనసులో మాకూ కాస్త పెట్టు. ఆమీన్ అనండి.